పాత్రధారణ ఆటలలో దుష్టదేవతలు

దుష్టదేవతలు అనగా డంజన్స్ అండ్ డ్రాగన్స్ వంటి పాత్రధారణ ఆటల కల్పిత లోకాలలో హింస, వ్యాధి, వంచన, నిరంకుశత్వము, వినాశనము మొదలైనవాటికి అధిపతులుగా సృష్టింపబడిన దేవతలు. ఈ ఆటలు రోల్ ప్లేయింగ్ గేమ్స్ అనే ఆంగ్లనామముతోనే ఎక్కువగా ప్రసిద్ధము. ఇటువంటి దేవతలను, వారి ఆలయాలను, పూజారులను, భక్తులను, పూజావిధానాలను కల్పించటము ఈ ఆటల రూపకల్పనలో ఒక ముఖ్య భాగము. కథలో నాయకపాత్రలకు ప్రతిపక్షము కావాలి కనుక దుష్టదేవతలు అవసరమౌతారు. అయితే కేవలము కీడు మాత్రమే చేసే దేవుని ఎవరు పూజిస్తారు, ఎందుకు పూజిస్తారు అన్న ప్రశ్నకు సమాధానము లేనిదే ఆ కల్పన నమ్మదగినదిగా ఉండదు. 1974 నుండి వెలువడిన ఆటలలో వేర్వేరు రచయితలు ఈ ప్రశ్నకు వేర్వేరు సమాధానాలు ఇచ్చారు.

ఆటలో దేవతల స్థానము

పాత్రధారణ ఆటలో కొందరు ఆటగాళ్ళు ఒకచోట కూర్చొని తలా ఒక పాత్రను ధరిస్తారు. వారిలో ఒకరు గేమ్ మాస్టరుగా వ్యవహరించి లోకమును వర్ణిస్తూ, మిగిలిన పాత్రలన్నింటికీ తానే మాట్లాడుతారు. ఫలితము అనిశ్చితముగా ఉన్నచోట పాచికలు వేసి నిర్ణయిస్తారు. నవలలోని దేవుడు కథకుని అధీనములో ఉంటాడు. ఆటలోని దేవుని విషయము అలా కాదు. ఆటగాళ్ళు ఆ దేవుని పూజారితో వాదించవచ్చు, ఆలయములో చొరబడవచ్చు, పూజారిని లొంగదీసుకొని ప్రశ్నించవచ్చు, చివరకు ఆ మతములో చేరవచ్చు కూడా. కనుక భక్తుల నమ్మకము, వారి దైనందిన జీవితము, ఆలయ ఆదాయము వంటి విషయాలను రూపకర్త ముందుగానే ఆలోచించవలసి ఉంటుంది.

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో క్లెరిక్ అనే పాత్ర దైవశక్తితో మంత్రాలు ప్రయోగిస్తుంది. 1979లో వెలువడిన డంజన్ మాస్టర్స్ గైడ్ ప్రకారము మొదటి రెండు స్థాయిల మంత్రాలు క్లెరిక్‌కు స్వీయసాధన వలన, మూడు నుండి ఐదవ స్థాయి వరకు మంత్రాలు దేవుని పరిచారకుల ద్వారా, ఆపై స్థాయి మంత్రాలు నేరుగా దేవుని నుండి లభిస్తాయి. దేవుని మార్గమును తప్పిన క్లెరిక్ ఆ శక్తిని కోల్పోతాడు. ఈ నియమము దుష్టదేవతల పూజారులకు కూడా వర్తిస్తుంది. అనగా దుష్టదేవత కూడా తన భక్తుల నుండి ఒక క్రమశిక్షణను కోరుతుంది.

సాహిత్య మూలాలు

ఆటలలోని దుష్టదేవతలకు మూలాలు 20వ శతాబ్దపు ఆంగ్ల కాల్పనిక సాహిత్యములో ఉన్నాయి. రాబర్ట్ ఇ. హోవర్డ్ 1932 నుండి ప్రచురించిన కోనన్ కథలలో స్టిజియా దేశస్థులు సెట్ అనే సర్పదేవుని కొలుస్తారు. హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్ 1928లో ప్రచురించిన ది కాల్ ఆఫ్ క్తుల్హు అనే కథలో సముద్రగర్భములో నిద్రిస్తున్న ఒక మహాశక్తిని రహస్యముగా పూజించే బృందాలు కనిపిస్తాయి. లవ్‌క్రాఫ్ట్ దేవతలకు మానవులపై ద్వేషము లేదు. మానవులు వారి దృష్టికే ఆనరు.

జె. ఆర్. ఆర్. టోల్కీన్ రచనలలోని న్యూమెనోర్ ద్వీపగాథ ఈ విషయములో చెప్పుకోదగినది. ఇది ఆయన మరణానంతరము 1977లో వెలువడిన ది సిల్మరిలియన్‌లో ఉన్నది. అందులో బందీగా వచ్చిన సౌరాన్ క్రమముగా రాజుకు సలహాదారు అయి, మెల్కోర్ అనే పతనమైన శక్తిని ఆరాధించటము నేర్పుతాడు. ఆలయము కట్టించి నరబలులు ఇప్పిస్తాడు. ఆ ప్రజలకు చీకటి మీద ప్రేమ లేదు. తమకు దక్కని అమరత్వము మీద ఆశ, మరణభయము వారిని ఆ మార్గము పట్టించాయి. భక్తుని కోరికను ఆధారము చేసుకొని దుష్టమతమును నిర్మించే పద్ధతికి ఇది మంచి ఉదాహరణ.

చరిత్ర

గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌లు రూపొందించిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో వెలువడినపుడు అందులో దేవతల వివరాలు లేవు. పాత్రలు ధర్మము, తటస్థత, సంక్షోభము అనే మూడు పక్షాలలో ఒకదానికి చెందేవి. ఈ విభజనకు పోల్ ఆండర్సన్, మైకేల్ మూర్కాక్‌ల నవలలు ప్రేరణ. దుష్టపూజారులను యాంటీ-క్లెరిక్‌లు అన్నారు. మంచి పూజారి గాయమును మాన్పితే వీరు అదే మంత్రమును తిప్పి ప్రయోగించేవారు. 1975లో వచ్చిన బ్లాక్‌మూర్ అనుబంధములోని టెంపుల్ ఆఫ్ ది ఫ్రాగ్, ఈ ఆటకు ముద్రణ పొందిన మొదటి సాహసగాథ. అది చిత్తడినేలలో భయంకరమైన కప్పలను పెంచే ఒక మతబృందమును గురించినది. అనగా దుష్టమతము ఈ ఆట తొలిరోజుల నుండి ఉన్న విషయమే.

అదే 1975లో ఎం. ఎ. ఆర్. బార్కర్ రచించిన ఎంపైర్ ఆఫ్ ది పెటల్ థ్రోన్ వెలువడింది. ఇందులోని టెకుమెల్ లోకములో స్థిరత్వ దేవతలు ఐదుగురు, పరివర్తన దేవతలు ఐదుగురు. రెండవ వర్గములో మృత్యువు, అగ్ని, అంధకారము వంటివాటి దేవతలు ఉన్నా వారి ఆలయాలు నగరములో బహిరంగముగానే ఉంటాయి. ఆలయాల మధ్య బహిరంగ కలహమును నిషేధించే ఒక ఒడంబడిక అక్కడ అమలులో ఉంటుంది.

1976లో గైగాక్స్ పాత విభజనకు మంచి-చెడు అనే రెండవ అక్షమును జోడించారు. 1978లో వచ్చిన ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ నాటికి ఇది తొమ్మిది గళ్ళ పట్టికగా స్థిరపడింది. దీనిని అలైన్‌మెంట్ అంటారు. 1976లోనే రాబర్ట్ కుంట్జ్, జేమ్స్ వార్డ్ గాడ్స్, డెమి-గాడ్స్ అండ్ హీరోస్ అనే అనుబంధమును, 1980లో దానిని విస్తరించి డైటీస్ అండ్ డెమిగాడ్స్ అనే గ్రంథమును రచించారు. వీటిలో గ్రీకు, ఈజిప్టు, నార్స్, భారతీయ దేవతలు అంకెల రూపములోని బలాబలాలతో సహా చేరారు.

ఇదే కాలములో కేయోసియం సంస్థ మరొక మార్గమును అనుసరించింది. గ్రెగ్ స్టాఫర్డ్ సృష్టించిన గ్లోరాంథా లోకము ఆధారముగా 1978లో రూన్‌క్వెస్ట్ వెలువడింది. 1979లో కల్ట్స్ ఆఫ్ ప్రాక్స్, 1981లో కల్ట్స్ ఆఫ్ టెర్రర్ అనే పుస్తకాలు వచ్చాయి. రెండవది పూర్తిగా దుష్టదేవతలకు కేటాయింపబడినది. ఇందులో దేవుని పోరాటశక్తి కంటే మతమును గురించిన వివరణకే ప్రాధాన్యము ఇచ్చారు. ప్రతి దేవునికీ పురాణము, మతచరిత్ర, సంస్థానిర్మాణము, సామాన్య భక్తుల నుండి పూజారుల వరకు ఉన్న అంతస్తులు, మిత్రమతాలు అనే క్రమములో వివరణ ఉంటుంది. తరువాతి ఆటలలో మతవర్ణనకు ఈ పద్ధతి ఒక నమూనా అయినది.

రూపకల్పనలో ముఖ్యాంశాలు

ఆరాధనకు కారణాలు

ప్రచురితమైన ఆటలను పరిశీలిస్తే దుష్టదేవతలను పూజించటానికి ప్రధానముగా ఐదు కారణాలు కనిపిస్తాయి.

భయము: ఫర్గాటెన్ రెల్మ్స్ లోకములో అంబర్లీ సముద్రదేవత. నావికులకు ఆమెపై ప్రేమ లేదు. కాని ప్రయాణమునకు ముందు ఆమెకు కానుక సమర్పించని నావికుడు అరుదు. అదే విధముగా గ్లోరాంథాలో మాలియా అనే వ్యాధిమాతకు తమ ఊరి వైపు రావద్దని వేడుకొంటూ సామాన్యులు కానుకలు ఇస్తారు. వీరు ఆమె భక్తులు కారు, బాధితులు కాగలవారు.

లాభము: పాత్‌ఫైండర్ ఆటకు చెందిన గోలారియన్ లోకములో చెలియాక్స్ రాజ్యము నరకాధిపతి అస్మోడియస్‌ను అధికారికముగా ఆరాధిస్తుంది. ఆయన ఒప్పందాలకు, క్రమశాసనమునకు దేవుడు. అంతర్యుద్ధముతో చితికిన దేశములో క్రమమును నెలకొల్పినందుకు ప్రతిగా పాలకవంశము ఆ మతమును స్వీకరించింది.

ఓదార్పు: వార్‌హామర్ లోకములో నర్గుల్ వ్యాధికి, కుళ్ళుకు దేవుడు. ఆయన భక్తులు ఆయనను ప్రేమగల తాతగా భావిస్తారు. నయము కాని వ్యాధితో నిరాశలో ఉన్నవానికి ఆయన బాధను తొలగించడు, కాని బాధ తెలియని స్థితిని ప్రసాదిస్తాడు.

మోసము: వార్‌హామర్ ఫాంటసీ రోల్‌ప్లేకు చెందిన షాడోస్ ఓవర్ బోగెన్‌హాఫెన్ సాహసగాథలో ఒక పట్టణపు వర్తకప్రముఖులు వ్యాపారాభివృద్ధి కొరకు అనుకొని ఒక క్రతువును తలపెడతారు. దాని వెనుక ఒక పిశాచముతో చేసుకొన్న ఒప్పందము ఉన్నదని వారి నాయకునికి తప్ప మిగిలినవారికి తెలియదు.

పుట్టుక: దుష్టదేవతయే రాజ్యమేలే సమాజములో పుట్టినవారికి వేరొక మతము ఉన్నదనే తెలియకపోవచ్చు. దీనికి లోల్త్ మతము ప్రసిద్ధమైన ఉదాహరణ.

ఆలయము, పూజారివర్గము

రహస్యబృందానికి, బహిరంగ మతానికి నిర్మాణములో చాలా భేదము ఉంటుంది. రహస్యబృందములో సాధారణముగా పొరలు ఉంటాయి. వెలుపలి పొరలోనివారికి అది ఒక సహాయసంఘముగానో, వర్తకసంఘముగానో కనిపిస్తుంది. లోపలికి వెళ్ళేకొద్దీ అసలు విషయము బయటపడుతుంది. సాహసగాథలో దీనివలన ఒక ప్రయోజనము ఉన్నది. ఆటగాళ్ళు ఎదుర్కొనే ప్రతి సభ్యుడూ దుర్మార్గుడు కానవసరము లేదు. ఎవరిని శిక్షించాలి, ఎవరిని రక్షించాలి అనే నిర్ణయము వారి మీద పడుతుంది.

బహిరంగ మతానికి ఉత్సవాలు, కానుకలు, వివాహ మరణ సంస్కారాలు, రాజుతో సంబంధాలు కావాలి. నరబలి ఒక్కటే పూజావిధానముగా ఉన్న మతము ఒక నగరములో తరతరాలు నిలవటము కష్టము. కనుక అనుభవజ్ఞులైన రూపకర్తలు ఘోరమైన క్రతువులతో పాటు ఆ మతము తన భక్తులకు చేసే మేలును కూడా వర్ణిస్తారు.

ఇతర దేవతలు ఎందుకు సహిస్తారు?

మంచి దేవతలు శక్తిమంతులైనపుడు దుష్టదేవతలను ఎందుకు తొలగించరు అనే ప్రశ్నకు కూడా రూపకర్త జవాబు చెప్పవలసి ఉంటుంది. 1984లో ఆరంభమైన డ్రాగన్‌లాన్స్ లోకములో మంచి, తటస్థ, దుష్ట దేవతల మధ్య సమతౌల్యమే లోకమునకు ఆధారము. ఇస్టార్ నగరపు రాజపూజారి చెడును పూర్తిగా తుడిచిపెట్టాలని అహంకరించినపుడు దేవతలు ఆ నగరము మీద అగ్నిపర్వతమును పడవేశారని అక్కడి గాథ. గోలారియన్‌లో సర్వనాశకుడైన రోవాగుగ్ అనే దేవుని బంధించటానికి అస్మోడియస్ సహకరించాడు, ఆ చెర తాళము అతని వద్దనే ఉన్నది. 1982లో వచ్చిన ఒక సాహసగాథలోని థారిజ్‌డన్ కూడా ఇతర దేవతలందరూ కలిసి బంధించిన దేవుడే.

దేవుని శక్తికి హద్దులు

దేవుడు సర్వశక్తిమంతుడైతే ఆటగాళ్ళకు చేయవలసినది ఏమీ మిగలదు. అందువలన శక్తికి ఏదో ఒక హద్దు కల్పిస్తారు. ఫర్గాటెన్ రెల్మ్స్‌లో 1989 నాటి అవతార్ నవలల కథ ప్రకారము, దేవతలకు పైవాడైన ఆవో వారందరినీ భూమికి దించి, ఇకపై వారి శక్తి భక్తులపై ఆధారపడి ఉంటుందని శాసించాడు. ఆ సంక్షోభములో నిరంకుశత్వమునకు అధిపతి బేన్, హత్యకు అధిపతి భాల్, మృతులకు అధిపతి మిర్కుల్ మరణించారు. ఈ ముగ్గురి అనుచరులు ఒక బూటకపు దేవతను సృష్టించి జనమును మోసగించటము 2023లో విడుదలైన బాల్డర్స్ గేట్ 3 అనే కంప్యూటర్ ఆటకు ఇతివృత్తము. భక్తులే దేవునికి బలమైనపుడు, భక్తులను ఒప్పించి మరలించటము కూడా యుద్ధముతో సమానమైన విజయమౌతుంది.

ప్రసిద్ధ ఉదాహరణలు

లోల్త్

లోల్త్ భూగర్భములో నివసించే డ్రౌ అనే నల్ల ఎల్ఫ్ జాతివారి సాలీడు దేవత. ఈమె 1978 నాటి గైగాక్స్ సాహసగాథలలో ప్రవేశించి, 1980లో వచ్చిన క్వీన్ ఆఫ్ ది డెమన్‌వెబ్ పిట్స్‌లో ప్రధాన ప్రతినాయిక అయినది. తొలి గాథలలోనే డ్రౌ సమాజము ఏకశిలగా లేదు. ఐల్‌సెర్వ్స్ అనే వంశము తనకు పూర్తి అధికారము కావాలని కోరగా లోల్త్ పూజారిణులు అడ్డుపడ్డారు. దానితో ఆ వంశము వేరొక దేవుని ఆశ్రయించింది. మతము వెనుక రాజకీయము ఉంటుందన్న సూచన ఇందులో కనిపిస్తుంది.

ఆర్. ఎ. సాల్వటోర్ 1990లో రచించిన హోమ్‌లాండ్ నవల మెంజోబెరాంజన్ నగరమును సవివరముగా చూపింది. అక్కడ అధికారము స్త్రీలదే. వంశపెద్దలు పూజారిణులు. ఒక వంశము మరొకదానిపై దాడి చేయటము నేరము. కాని ఫిర్యాదు చేయటానికి ఆ వంశములో ఒక్క ప్రభువంశీయుడు కూడా మిగలకపోతే అసలు నేరమే జరగనట్లు లెక్క. జీవించి ఉన్న ఇద్దరు కుమారుల తరువాత పుట్టే మూడవ కుమారుడు లోల్త్‌కు బలి కావాలి. కథానాయకుడు డ్రిజ్‌ట్ పుట్టిన రాత్రే అతని అన్నలలో ఒకడు రెండవవానిని హత్య చేయటము వలన లెక్క మారి శిశువు బతుకుతాడు. దేవత కోరే భక్తి సమాజములోని ప్రతి బంధమును ఎలా విషపూరితము చేస్తుందో ఈ ఒక్క సంఘటన చూపుతుంది.

గ్లోరాంథా దేవతలు

కల్ట్స్ ఆఫ్ టెర్రర్‌లోని థనతార్ మతస్థులు ఇతరుల తలలు నరికి, ఆ తలలలోని జ్ఞానమును వశపరచుకొంటారు. ఇక్కడ జ్ఞానతృష్ణ అనే మంచి గుణమే వికృతరూపము దాల్చింది. మరింత సంక్లిష్టమైనది నైసలోర్ కథ. ఒక వర్గమునకు ఆయన జ్ఞానోదయమును ప్రసాదించిన వెలుగు, మరొక వర్గమునకు గ్బాజీ అనే వంచకుడు. రెండూ ఒకే దేవుని పేర్లు. లూనార్ సామ్రాజ్యపు ఎర్రదేవత కూడా తన ప్రజలకు విమోచకురాలు, ఓర్లాంత్ దేవుని కొలిచే కొండజాతులకు పరమశత్రువు. వీరిలో ఎవరు దుష్టులు అనేది చూసేవారిని బట్టి మారుతుంది.

వార్‌హామర్ సంక్షోభ దేవతలు

వార్‌హామర్ ఫాంటసీ రోల్‌ప్లే 1986లో వెలువడింది. ఈ లోకములోని నలుగురు సంక్షోభ దేవతలను 1988, 1990 సంవత్సరాలలో వచ్చిన రెండు రెల్మ్ ఆఫ్ కేయోస్ గ్రంథాలు విపులముగా వర్ణించాయి. ఖోర్న్ రక్తపాతమునకు, స్లానేష్ మితిమీరిన భోగమునకు, నర్గుల్ వ్యాధికి, జీన్చ్ మార్పునకు, కుతంత్రమునకు అధిపతులు. వీరి పవిత్రసంఖ్యలు వరుసగా 8, 6, 7, 9. నిజానికి ప్రతి దేవుని మూలములోనూ ఒక సహజమైన మానవభావము ఉన్నది. శౌర్యము హింసగా, సౌందర్యకాంక్ష వ్యసనముగా, ఓర్పు నిస్పృహగా, ఆశ కుట్రగా దిగజారుతాయి.

ఎబెరాన్

కీత్ బేకర్ సృష్టించిన ఎబెరాన్ లోకము 2004లో వెలువడింది. ఇందులో దేవతలు ప్రత్యక్షము కారు, వారు ఉన్నారా అన్నది కూడా విశ్వాసమునకు సంబంధించిన విషయమే. పూజారి స్వభావము దేవుని స్వభావముతో సరిపోలనక్కరలేదు. దయామయుడైన దేవుని ఆలయములో అవినీతిపరుడైన పూజారి ఉండవచ్చు. బ్లడ్ ఆఫ్ వోల్ అనే మతమువారు ప్రతి ప్రాణి రక్తములోనూ దైవాంశ ఉన్నదని, అది వికసించకముందే మృత్యువు కబళిస్తుందని నమ్ముతారు. బయటివారికి భీకరముగా కనిపించే ఈ మతములో సామాన్య భక్తులు ఒకరినొకరు ఆదుకొనే మంచివారు. వారి వెనుక మాత్రము స్వార్థము కలిగిన ఒక మృతజీవి ఉంటుంది.

వివాదాలు, విమర్శలు

1980 దశకములో అమెరికాలో ఈ ఆటలు పిల్లలకు సైతాను ఆరాధన నేర్పుతున్నాయన్న ఆందోళన చెలరేగింది. తన కుమారుని మరణమునకు ఈ ఆటయే కారణమని నమ్మిన పాట్రీషియా పుల్లింగ్ 1983లో ఆటకు వ్యతిరేకముగా ఒక సంస్థను స్థాపించారు. ఆటకు, ఆత్మహత్యలకు కార్యకారణ సంబంధము ఉన్నట్లు తరువాతి పరిశీలనలలో నిరూపణ కాలేదు. అయినా 1989లో వచ్చిన రెండవ కూర్పు నుండి డెమన్, డెవిల్ అనే పదాలను తొలగించి, తరువాత వాటికి టనారి, బాటెజు అనే పేర్లు పెట్టారు. 2000లో వచ్చిన మూడవ కూర్పులో పాత పదాలు తిరిగి వచ్చాయి. 2002లో మాంటీ కుక్ రచించిన బుక్ ఆఫ్ వైల్ డార్క్‌నెస్ పెద్దలకు మాత్రమే అనే సూచనతో వెలువడింది.

జీవించి ఉన్న మతాల దేవతలను ఆట పట్టికలలో చేర్చటము మరొక వివాదము. 1980 నాటి డైటీస్ అండ్ డెమిగాడ్స్‌లో కాళీమాత దుష్టదేవతల వర్గములో చేర్చబడింది. కోట్లాది భక్తులు తల్లిగా కొలిచే దేవతకు ఈ ముద్ర సరిపడదు. అసలు భారతీయ పురాణాలు మంచి-చెడు అనే రెండు గళ్ళలో ఇమడవు. రావణుడు శివభక్తుడు, బ్రహ్మ వలన వరములు పొందినవాడు. బలిచక్రవర్తి అసురుడైనా దాత. ఆంధ్ర, తెలంగాణ ప్రాంతాలలో పోచమ్మను మశూచి వంటి వ్యాధులకు అధిదేవతగా తలచి శాంతింపజేసినా, ఆమెను ఊరిని కాచే తల్లిగానే భావిస్తారు. అదే పురాణాల నుండి వచ్చిన రాక్షసులు 1977 నాటి మాన్‌స్టర్ మాన్యువల్‌లో పులితల కలిగిన మాయావులుగా మారారు. కల్పిత దేవతలను సృష్టించుకొనే లోకాలలో ఇటువంటి చిక్కు తక్కువ.

ఒక జాతి మొత్తమును దుష్టదేవత సంతానముగా, పుట్టుకతోనే చెడ్డవారిగా చూపటము మూడవ విమర్శ. డ్రౌ నల్లని చర్మము కలవారు కావటము వలన ఈ విమర్శకు బలము చేకూరింది. 2020లో ప్రచురణసంస్థ విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ ఈ జాతుల చిత్రణను మార్చుతామని ప్రకటించింది. 2021లో వెలువడిన సాల్వటోర్ నవలలో లోల్త్‌ను కొలవని డ్రౌ నగరాలు కనిపించాయి. 2023లో పాత్‌ఫైండర్ సవరించిన కూర్పు అలైన్‌మెంట్ పద్ధతిని పూర్తిగా విడిచిపెట్టింది.

బలులు, చిత్రహింస వంటి దృశ్యాలు కొందరు ఆటగాళ్ళకు బాధ కలిగించవచ్చు. అందుకని ఆట ప్రారంభానికి ముందే ఏ విషయాలు వర్ణింపరాదో అందరూ కలిసి నిర్ణయించుకొనే పద్ధతి వాడుకలోకి వచ్చింది. దీనిని సెషన్ జీరో అంటారు. 2020లో వచ్చిన టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ అనే డంజన్స్ అండ్ డ్రాగన్స్ గ్రంథములో దీనికి సంబంధించిన సూచనలు ఉన్నాయి.

ఇవి కూడా చూడండి

డంజన్స్ అండ్ డ్రాగన్స్
గారీ గైగాక్స్
హెచ్. పి. లవ్‌క్రాఫ్ట్
జె. ఆర్. ఆర్. టోల్కీన్
అసురులు
గ్రామదేవత